కూర్చున్న రాజు

మంగళవారం పొద్దున రాజుగారి వంటశాలకి సరుకులు పోగుచేసే మనిషి హవీస్ గుమ్మం ముందు బండి ఆపించి, ఎవరినీ అడక్కుండా రెండు పీపాల బార్లీ కల్లు ఎక్కించేసుకున్నాడు. అడిగే పనేముంది, గుమ్మం మీద వాసానికి పచ్చటి ఆకుల మండ కట్టే ఉంది. లండన్‌లో ఏ ఇంటికి ఆ మండ వేలాడితే ఆ ఇంట్లో కల్లు పులిసి సిద్ధంగా ఉందని పసిపిల్లలకి కూడా తెలుసు.

హవీస్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎప్పటిలాగే గీతల కర్ర ఇస్తాడేమోనని చూసింది. ఎన్ని పీపాలు తీసుకుంటే అన్ని గాట్లు పెట్టి, కర్రని నిలువుగా చీల్చి, సగం మన చేతిలో పెట్టి, డబ్బుకి తరవాత రమ్మంటారు రాజుగారి మనుషులు. అలాంటి కర్రలు ఇప్పటికే మూడు చూరులో ఉన్నాయి. నాలుగోదాన్ని హవీస్ అత్త ఆల్డిత్ వీపు గోక్కోడానికి వాడుకుంటోంది.

ఈసారి కర్ర రాలేదు. అతను నడుము సంచిలోంచి బొటనవేలి గోరంత నాణెం తీసి హవీస్ అరచేతిలో పెట్టాడు. పచ్చగా మెరిసింది.

"బంగారు పెన్నీ. హెన్రీ రాజుగారు కొత్తగా కొట్టించారు. ఇరవై వెండి పెన్నీలకి ఇదొక్కటి" అన్నాడు.

"వెండివే ఇరవై ఇవ్వరాదా, బాబూ?"

"రాజుగారు బంగారం ఇస్తుంటే నువ్వు వెండి అడుగుతున్నావా అమ్మా?" అని బండెక్కాడు. బండి మలుపు తిరిగేదాకా హవీస్ అరచెయ్యి ముడవలేదు. ముడిస్తే అరిగిపోతుందేమోనన్నట్టు అలాగే పట్టుకుని లోపలికి పోయింది.

ఆల్డిత్‌కి డెబ్భై దాటాయి, కళ్ళు మసక. నాణేన్ని పొయ్యి వెలుగులోకి పట్టుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి ముక్కుకి ఆనించుకుని చూసింది.

"కోడలా, దీనిమీద రాజు మొత్తం ఉన్నాడే. వెండి పెన్నీ మీద తలకాయే కదా ఉండేది. ఈయనకి చేతులున్నాయి, కాళ్ళున్నాయి, కుర్చీ కూడా ఉంది."

"కాళ్ళుంటే మంచిదేగా అత్తా. మన మొలక బార్లీ కొట్టుదాకా నడిచొస్తాడు" అంది హవీస్.

ఆమె తొందర ఆమెది. ఆ వీధిలో కల్లు కాచే ఆడవాళ్ళు ముగ్గురు, పెద్ద గంగాళం ఒక్కటే. వంతులవారీగా వాడుకుంటారు. ఈ శనివారం హవీస్ వంతు. ఆదివారం మార్టిన్ పునీతుడి పండుగ. ఆ వారమంతా వీధివీధినా పందుల్నీ పశువుల్నీ కోసి ఉప్పులో పెడతారు. ఉప్పు చేతులు, ఉప్పు నోళ్ళు, అందరికీ దాహమే. ఏడాది మొత్తంలో కల్లు అమ్మాలంటే ఆ వారమే అమ్మాలి. శనివారం గంగాళం ఎక్కించకపోతే వంతు ఎదురింటి మాబిల్‌కి పోతుంది. మళ్ళీ హవీస్‌కి వచ్చేసరికి క్రిస్మస్ పండుగకి ముందుండే ఉపవాసాల రోజులు వచ్చేస్తాయి. ఆ ఏడు వానలకి బార్లీ చేలోనే కుళ్ళిపోయింది. శీతాకాలం గడవాలంటే ఇద్దరు ఆడవాళ్ళకి ఆ గంగాళమే దిక్కు. గంగాళానికి రెండు బస్తాల మొలక బార్లీ కావాలి. రెండు బస్తాలకి ఇరవై పెన్నీలు, సరిగ్గా.

ఇంట్లో ఇంకో నాణెం లేకపోలేదు. హవీస్ నడుముకి కట్టుకున్న పనిగుడ్డ కొంగున ఒక వెండి పెన్నీ ముడేసి ఉంది. అది పోయిన మొగుడి పేరు మీద ఆదివారం నాడు పాల్ పునీతుడి గుడిలో కొవ్వొత్తి వెలిగించడానికి. దాని జోలికి ఆమె పోదు.

బంగారాన్ని మాత్రం కొంగున కట్టడానికి ధైర్యం చాలలేదు. పాత మేజోడు కత్తిరించి చిన్న సంచి కుట్టి, అందులో నాణెం వేసి, సంచిని మెడలో తాడుకి తగిలించి, లోపలి చొక్కా కిందికి జారవేసి, దానిమీద గౌను, దానిమీద శాలువా కప్పుకుంది.

"ఇంక దొంగ కాదు గదా, నువ్వే తియ్యలేవు" అంది ఆల్డిత్.

అదే జరిగింది. బుధవారం రొట్టెల కొట్టు దగ్గర హవీస్ గోడ వైపు తిరిగి, శాలువా తీసి, గౌను మెడ వదులు చేసి, తాడు పైకి లాగి నాణెం బయటపెట్టేసరికి ఆమె వెనక పదిమంది మూగారు. రొట్టెలవాడు పిండి చేతుల్తో ముట్టుకోకుండా వంగి చూశాడు.

"ఎంత బావుందమ్మా. గులాబీలు కూడా చెక్కారు."

"దీనికి వెండి ఇయ్యి తమ్ముడూ. పందొమ్మిదిచ్చినా చాలు."

"నా కొట్లో పొద్దుణ్ణుంచి రాత్రిదాకా అమ్మినా పన్నెండు కావు. రాజుగారొచ్చి కూర్చుంటే కొట్లో నేనెక్కడ నిలబడను?"

కొవ్వొత్తులవాడు, జోళ్ళు కుట్టేవాడు, చేపలమ్మి, అందరిదీ అదే వరస. ముందు చూపించమంటారు. పక్కవాళ్ళని పిలుస్తారు. రాజు మొహం ఎలా ఉందో, గడ్డం ఉందో లేదో తగువులాడుకుంటారు. చివర్న నాణెం జాగ్రత్తగా ఆమె చేతిలోనే పెట్టేస్తారు. జోళ్ళు కుట్టేవాడు ఒక అడుగు ముందుకెళ్ళి కత్తెర తీశాడు.

"వెండి పెన్నీని సిలువ గీత వెంట కత్తిరించి సగాలూ పావులూ చేసుకోవట్లేదా? దీన్నీ ఇరవై ముక్కలు చేద్దాం."

"రాజుగారి కాళ్ళెవరికి, కుర్చీ ఎవరికి?" అని చేపలమ్మి అడిగేసరికి కత్తెర లోపల పెట్టేశాడు.

గురువారం చీప్ అనే పెద్ద బజారులో కంసాలి దగ్గరికి పోయింది. అతను నాణెం కంటే ముందు ఆమె జోళ్ళు చూశాడు, ఆమె చేతులు చూశాడు, ఆ తరవాత, "ఇది నీకెక్కడిది?" అన్నాడు. హవీస్ సంచి మూతి బిగించి వచ్చేసింది. దారంతా ఆమెకి చెంపలు మండుతూనే ఉన్నాయి. సొంత చేతుల్తో కాచిన కల్లుకి వచ్చిన సొమ్ము చూపించి దొంగలా నిలబడాల్సి రావడం ఆమెకి కొత్త.

ఇంటికొచ్చి స్టూలు మీద కూలబడి, "అత్తా, తలకాయ ఒక్కటే ఉన్న రాజు ఊరంతా తిరుగుతున్నాడు. కాళ్ళున్న ఈయన కూర్చున్నచోటు నుంచి లేవడం లేదు" అంది.

అప్పుడే ఎదురింటి మాబిల్ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. గట్టి మనిషి, నోరూ గట్టిదే.

"వదినా, శనివారం నీకు కుదరదటగా? గంగాళం నేను తోమించుకోనా?"

"ఎవరు చెప్పారు కుదరదని?"

"నువ్వు ఊరంతా గౌను విప్పుకుంటూ తిరుగుతున్నావని చెప్పారు. మిగతాది నేనే అనుకున్నా" అంది మాబిల్. మళ్ళీ కాస్త గొంతు తగ్గించి, "నా దగ్గరుంటే మార్చేదాన్ని వదినా. నా దగ్గరున్నవి రెండు గీతల కర్రలు" అంది.

ఇక మిగిలింది రేవులో మొలక బార్లీ అమ్మే హామో. అతని దగ్గరికి ఆఖర్న పోవాలనుకోవడానికి కారణం ఉంది. హామో దగ్గర కొలిచే కుంచమూ, కుంచం మీద గీసే కర్రా ఉంటాయి. రైతు దగ్గర కొనేటప్పుడు కుంచం మీద శిఖరం నిలిచేలా పోయించుకుంటాడు. మనకి అమ్మేటప్పుడు కర్రతో సర్రున గీసేసి, పైన ఉన్నదంతా తనవైపు రాల్చుకుంటాడు. ఆ రాలినదాంతోనే అతను రెండంతస్తుల ఇల్లు కట్టాడని రేవులో అంటారు. అయినా వానల ఏడు కదా, బార్లీ ఉన్నది అతని దగ్గరే.

గురువారం సాయంత్రం హామో నాణేన్ని పళ్ళమధ్య పెట్టి కొరికాడు. మంచి బంగారమేనని అతని మొహమే చెప్పింది. మొహం సర్దుకుని అప్పుడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా హవీసూ. నగర పెద్దలు వెళ్ళి రాజుగారికి మొరపెట్టుకుంటున్నారు, ఈ నాణెం మాకొద్దని. ఇష్టం లేనివాణ్ణి ఆయన బలవంతపెట్టడంట. నాకిష్టం లేదు."

"మరి కొరికావేం అన్నా, ఇష్టం లేకపోతే?"

"నీ మీద జాలితో. పోనీలే, నువ్వు ఒంటరిదానివి. ఒక్క బస్తా ఇస్తాను. నాణెం ఇక్కడ పెట్టి పో."

"ఇరవై విలువ చేసేదానికి పది పెన్నీల బార్లీయా?"

"ఇరవై అన్నది రాజుగారు. ఆయన దగ్గర బార్లీ ఉంటే అక్కడే కొనుక్కో. నా దగ్గర దీని విలువ పది. రేపు సాయంత్రందాకా ఆగుతాను" అని హామో కర్రతో ఎవరిదో కుంచం గీశాడు. సర్రుమంది.

ఆ రాత్రి హవీస్ మూడుసార్లు అనుకుంది, ఒక బస్తాకే సరిపెట్టుకుందామని. ఒక బస్తాతో గంగాళం ఎక్కిస్తే వచ్చేది కల్లు కాదు, కల్లు కడిగిన నీళ్ళు. కల్లు రుచి చూసి అనుమతిచ్చే పెద్దమనుషులు వస్తే పీపా వీధిలో పారబోయిస్తారు. ఎటు చూసినా హామోకే లాభం.

శుక్రవారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ రేవుకి బయల్దేరారు. ఆల్డిత్ తానూ వస్తానంది. చేతికర్రకి బదులు గాట్లున్న రాజుగారి కర్ర పట్టుకుంది. అప్పటికే హామో పాకలో నలుగురైదుగురు బేరానికి ఉన్నారు, వాళ్ళలో మాబిల్ ఒకతె. శుక్రవారం కాబట్టి మాంసం లేదు. హామో ఒక బస్తా మీద కూర్చుని రొట్టెమీద ఉప్పుచేప పెట్టుకుని తింటున్నాడు. తింటూ మాట్లాడటం అతనికి అలవాటు.

"వచ్చావా హవీసూ? మీ కూర్చున్న రాజుని తెచ్చావా, ఇంట్లోనే కూర్చోబెట్టొచ్చావా?" అని ఒక ముద్ద పెట్టుకున్నాడు. "రేపటికి ఆ ఒక్క బస్తా కూడా ఉండదు. అప్పుడు ఆయన్నే గంగాళంలో వేసి కాచుకో" అని తన హాస్యానికి తనే ముందు నవ్వాడు.

నవ్వు సగంలో ఆగింది. హామో కళ్ళు పెద్దవయ్యాయి. రొట్టె కింద పడింది. చెయ్యి గొంతు మీదికి పోయింది, నోట్లోంచి గుర్రుమన్న చప్పుడు తప్ప ఏదీ రాలేదు. మొహం ముందు ఎర్రబడి, తరవాత నేరేడుపండు రంగుకి తిరిగింది.

"ముల్లు" అంది మాబిల్. "వంగోబెట్టండి."

ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని వంచారు. ఆల్డిత్ రాజుగారి కర్ర రెండు చేతుల్తో ఎత్తి అతని వీపు మీద వేసింది. ముల్లు కదల్లేదు. మళ్ళీ వేసింది.

"నాణెం వంచండి, ఎవరైనా నాణెం వంచండి" అని అరిచింది. మనిషి ప్రాణం మీదికొస్తే వాడి తలమీద నాణెం పట్టుకుని, పునీతుడి పేరు చెప్పి వంచుతారు. వంచిన నాణెం ఇక ఆ పునీతుడిదే. మనిషి బతికితే తన చేతులతో తీసుకెళ్ళి సమాధి దగ్గర పెట్టాలి. జనం నడుములు తడుముకున్నారు. బేరానికి వచ్చినవాళ్ళు, సంచుల మూతులు బిగించి కట్టుకున్నారు.

హవీస్ చెయ్యి శాలువా కిందికి పోయింది. గౌను మెడ లాగింది. తాడు పట్టి సంచి పైకి తీసింది. హామో తలమీద బంగారు పెన్నీ పట్టుకుని, పాల్ గుడిలో సమాధి ఉన్న పునీతుణ్ణి తలుచుకుని, "ఎర్కెన్‌వాల్డ్ తండ్రీ, ఈ హామో గొంతు నీ చేతిలో ఉంది" అని రెండు బొటనవేళ్ళతో నొక్కింది. పచ్చి బంగారం. మైనంలా వంగింది.

అదే సమయానికి ఆల్డిత్ మూడో దెబ్బ వేసింది. హామో ఒక్కసారి పెద్దగా దగ్గాడు. వేలెడు ముల్లు వెళ్ళి కుంచంలో పడింది.

హామో రొప్పుతూ నేలమీద కూలబడ్డాడు. ఎవరో నీళ్ళిచ్చారు. నీళ్ళు దిగాయి. హామో అందర్నీ ఒకసారి చూసి, ఇంకా బతికే ఉన్నానని నమ్మకం కుదిరాక, హవీస్ చేతిలో వంకర తిరిగిన నాణేన్ని చూశాడు.

"అయ్యో తల్లీ, పాడైపోయిందే" అన్నాడు బొంగురుగా. "ఇప్పుడు దాన్ని ఎవరూ తీసుకోరు."

"ఎవరూ తీసుకోకూడదు నాయనా, నువ్వు తప్ప" అంది ఆల్డిత్, అతని బస్తామీద తనే కూర్చుంటూ. "అది నీ మొక్కు."

"నేను మొక్కమన్నానా?"

"నువ్వేమన్నావో మాకు తెలీలేదు. 'గుర్రు' అన్నావు. మేం దాన్ని మొక్కమన్నట్టే అర్థం చేసుకున్నాం."

ఎవరో నవ్వారు. హామో చొక్కా సర్దుకున్నాడు. "సరే, పునీతుడికి ఎగనామం పెట్టేవాణ్ణి కాను. ఒక వెండి పెన్నీ ఇస్తాను. రెండిస్తాను. అవి వంచండి."

"ఆయన పేర వంచింది దీన్ని. ఇది పుచ్చుకుని నీకు చిల్లర ఇవ్వడానికి ఆయనేం కొట్టు పెట్టాడా?" అంది ఆల్డిత్. "నది అవతల తోళ్ళు పదును చేసే మనిషి ఒకడు ఇలాగే మొక్కిన నాణెం దాచుకుని పల్చటి నాణెం వేసొచ్చాడు. మొక్కిన కాలు నయమైంది. రెండోది పోయింది. గొంతులు మనిషికి రెండుండవు నాయనా, ఆలోచించుకో."

హామో గుటక వేశాడు. వేసి, నొప్పి పుట్టి, మళ్ళీ గొంతు పట్టుకున్నాడు. "పోనీ హవీసే వెళ్ళి ఇచ్చిరావచ్చుగా. నాణెం తనదే."

"నా నాణెంతో నీ మొక్కు ఎలా తీరుతుంది అన్నా?" అంది హవీస్. "పునీతుడికి అనుమానం రాదూ, ఎవరి గొంతు బాగుచేశానా అని? దీన్ని నువ్వు నా దగ్గర కొనాలి."

హామో మొహంలోకి పాత రంగు తిరిగొచ్చింది. "కొంటాను. దాని విలువ నిన్ననే చెప్పాను. పది. ఒక్క బస్తా."

"సరే అన్నా, నీ మాటే" అంది హవీస్ నెమ్మదిగా. "వీళ్ళందరూ సాక్షులు. ఆదివారం సమాధి దగ్గర నువ్వే చెప్పు. రాజుగారు ఇరవై అన్నదాన్ని నేను పది కడుతున్నాను తండ్రీ, నా గొంతుకి పది చాలు అని."

హామో వచ్చినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూశాడు.

"పదిచ్చినవాడికి సగం గొంతు బాగవుతుందేమో" అంది మాబిల్, ఎవరితోనూ కాదన్నట్టు. "మింగడం ఒక్కటీ వచ్చి, మాట్లాడటం రాకుండా. అదీ మంచిదే."

హామో లేచాడు. కుంచంలోంచి ముల్లు తీసి పారేసి, కుంచాన్ని బార్లీలో ముంచాడు. శిఖరం పోసుకుని పైకొచ్చింది. అలవాటుగా ఎడమచెయ్యి గీసే కర్ర అందుకుంది. కర్ర కుంచం అంచుకి ఆనింది. అక్కడ ఆగింది. పొడి దగ్గు ఒకటి వచ్చింది. హామో కర్ర వైపూ, ఆల్డిత్ వైపూ చూసి, కర్రని గోడకి చేరేసి, శిఖరంతో సహా బస్తాలో కుమ్మరించాడు. రెండో కుంచానికి మళ్ళీ కర్ర జోలికి పోలేదు. రెండు బస్తాలూ మూతి కట్టడానికి వీల్లేనంత నిండాయి.

"మరి మాకు?" అన్నాడు వెనకున్నవాడు. "మాకూ శిఖరమేనా, లేకపోతే ముందు నీకు ముల్లు అడ్డం పడాలా?"

శనివారం తెల్లవారుతూనే హవీస్ గంగాళం ఎక్కించింది. నీళ్ళు మరిగాక దించి, వాటిలో మొహం కనిపించేంతగా ఆవిరి తగ్గేదాకా ఆగింది. అప్పుడు బార్లీ పోసింది. పొడుగాటి తెడ్డుతో అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి తిప్పింది. తియ్యటి ఆవిరి వీధంతా పాకింది. మాబిల్ పిలవకుండానే వచ్చి రెండో తెడ్డు పట్టింది.

"నీ వంతు పోతుందని సంతోషించాను వదినా, అబద్ధమెందుకు" అంది. "హామో మొహం చూశాక ఆ సంతోషం కంటే ఈ సంతోషమే బావుంది."

ఆదివారం హామో చెప్పుల్లేకుండా బురదలో పాల్ గుడికి నడిచాడు. వంగిన బంగారం అరచేతిలో పెట్టుకున్నాడు. వీధి మొదట్లో తల దించుకునే నడిచాడు. కొవ్వొత్తులవాడు ఎదురొచ్చి, "ఒకసారి ముట్టుకోనీ హామో, నా చెయ్యి కూడా నొప్పి" అన్నాక తల కొంచెం లేచింది. రొట్టెలవాడు నాణేన్ని కళ్ళకద్దుకున్నాడు. జోళ్ళు కుట్టేవాడు పెళ్ళాం చేత ముద్దు పెట్టించాడు. నాలుగు రోజుల కింద తీసుకోమంటే వెనక్కిచ్చేసిన వాళ్ళంతా ఇప్పుడు ముట్టుకోడానికి తోసుకుంటున్నారు. గుడి మెట్లు చేరేసరికి హామో గొంతు బాగా తెరుచుకుంది.

"వెండి ఇద్దామన్నారు కొందరు" అంటున్నాడు. "నేనే వద్దన్నాను. మన పునీతుడికి వెండేమిటి? బంగారమే ఇస్తానని పట్టుబట్టాను."

హవీస్ వింది. జనం తగ్గేదాకా స్తంభం పక్కన నిలబడి, పనిగుడ్డ కొంగు ముడి విప్పి, వెండి పెన్నీకి కొవ్వొత్తి కొని మొగుడి పేరు మీద వెలిగించింది. పక్కన ఆల్డిత్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కొడుకు పేరు వినబడ్డాక కళ్ళు తుడుచుకుంది. తరవాత ఖాళీగా వేలాడుతున్న కొంగు ముడతని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"కోడలా, శుక్రవారం నాడు ఈ వెండిది నీ కొంగుననే ఉందిగా. నీ చెయ్యి కిందే."

"ఉంది అత్తా."

"ఆ బంగారందేమో శాలువా కింద, గౌను కింద, చొక్కా కింద."

హవీస్ కొవ్వొత్తి వత్తి సరిచేసింది. "కంగారులో చేతికేది దొరికితే అదే తీశాను అత్తా."

"అంతేలే" అంది ఆల్డిత్. "కంగారులో మనిషికి ఏదీ తోచదు." అని కోడలి భుజం పట్టుకుని లేచింది, పట్టు మామూలుకంటే కాస్త గట్టిగానే.

ఇద్దరూ సమాధి ముందుకి వెళ్ళారు. అక్కడ మైనం కాళ్ళూ, మైనం చేతులూ, వంగిన వెండి పెన్నీలూ దారాలకి వేలాడుతున్నాయి. వాటి మధ్య కొత్తగా కట్టిన బంగారు నాణెం కొవ్వొత్తుల వెలుగులో మెల్లగా తిరుగుతోంది. ఆల్డిత్ కళ్ళకి అందదు.

"మన రాజు ఎలా ఉన్నాడే?" అని అడిగింది.

హవీస్ దగ్గరికి వెళ్ళి చూసింది. నాణెం సరిగ్గా నడుము దగ్గర వంగింది. రొట్టెలవాడికోసం గానీ, కంసాలికోసం గానీ, హామోకోసం గానీ కుర్చీలోంచి లేవని ఆ రాజు తలని మోకాళ్ళదాకా వంచుకుని ఉన్నాడు.

"ఇంకా కూర్చునే ఉన్నాడు అత్తా" అంది. "కానీ దణ్ణం పెడుతున్నాడు."